ఏసయ్య మెచ్చిన ఫోన్

ఏసయ్యకు గుంటెడు భూమి లేదు. ఆయన ఆస్తి అంతా ఒక అభిప్రాయం. అది సెల్‌ఫోన్ల గురించి.

పగలంతా మల్యాల దగ్గర రైసుమిల్లులో వడ్ల బస్తాలు మోసే ఈ మనిషికి ఆ ఆస్తి ఎట్లా సంక్రమించిందో చెప్పాలి. మొదట, కల్లు గీయడానికి తాళ్ళెక్కే రాజమల్లు కొత్త ఫోన్ కొనడానికి జగిత్యాల పోతూ, ఎడ్ల అంగడికి సుడులు చూసి మంచిచెడ్డలు చెప్పేవాణ్ణి తీసుకుపోయినట్టు, ఏసయ్యను వెంట తీసుకుపోయాడు. దుకాణంవాళ్ళు కెమెరా గురించీ మెమొరీ గురించీ చెప్పినంతసేపూ ఏసయ్య మర్యాదగా విన్నాడు. తర్వాత ఒక్కొక్క ఫోన్‌లో తన వేలిముద్ర ఎక్కించుకుని, బొటనవేలు పెట్టి చూశాడు. బస్తాలు మోసి మోసి ఆ వేలి మీద గీతలు అరిగిపోయాయి. రేషను మిషను కూడా దాన్ని ఒక పట్టాన ఒప్పుకోదు. నాలుగు ఫోన్లు ఆయనెవరో తమకు తెలియదన్నాయి. ఒకటి మాత్రం తాకీ తాకగానే తెరుచుకుంది.

“గిది మన మనిషిని గుర్తువడ్తది మామా,” అన్నాడు ఏసయ్య.

రాజమల్లు అదే కొన్నాడు. ఏసయ్య తనకూ అదే కొనుక్కున్నాడు. తర్వాత ఊరు ఊరంతా కొన్నది. జగిత్యాలలోనూ కోరుట్లలోనూ దుకాణాలవాళ్ళు కంపెనీ పేరు మరిచిపోయి “ఏసన్న ఫోనా?” అని అడగడం మొదలుపెట్టారు. ఆయన తండ్రిని ఏనాడూ కూర్చోమనని ఇళ్ళలో ఆయనకు కుర్చీ వేశారు. చాయ్ ఇచ్చి, ఆయన నోరు విప్పేదాకా ఓపికపట్టారు.

ఆ ఫోన్‌కు ఒకే లోపం ఉంది. కొంతకాలానికి అవతలివాళ్ళ మాట వినపడదు. మిగతా విషయాల్లో ఫోన్ బాగానే ఉంటుంది.

ఏసయ్య ఫోన్‌లో గొంతులు దోమ పాటలా సన్నబడ్డప్పుడు ఆయన గుట్టుగా చెవుల్లో పెట్టుకునే వైరు కొన్నాడు. ఆయన మెడలో వైరు చూసి ఊరు కూడా వైరు వేసుకుంది. రాజమల్లు దానితోనే తాడెక్కేవాడు. వైర్లు తెగితే ఏసయ్య మెడకు వేసుకునే బ్లూటూతు కొన్నాడు, దాని చార్జింగు నిలవకపోతే పవర్ బ్యాంకు కొన్నాడు; ఊరు అన్నీ కొన్నది. పెళ్ళికొడుకు ఒక్కడే, మోసుకుతిరిగేవాళ్ళు నలుగురు అన్నట్టయింది వ్యవహారం. అయినా ఎవరూ ఆ ఫోన్‌ను ఒక్క మాట అనలేదు. ఏసయ్య అననేలేడు. అంటే ఉన్న ఒక్క ఆస్తినీ అమ్ముకున్నట్టే. వేరే ఫోన్ చేతపట్టుకుని కనపడ్డా అంతే.

హైదరాబాదు హాస్టల్లో ఉండి నర్సింగు చదివే కూతురు శైలజ ఆదివారం ప్రార్థన అయ్యాక ఫోన్ చేస్తుంది. మొన్న ఆదివారం బ్లూటూతు చచ్చిపోయి ఉంది. ఫోన్ చెవికి పెట్టుకుని, ఆమె చెప్పినదానికల్లా అలవాటు ప్రకారం “మంచిది బిడ్డా, గట్లనే కానీ” అన్నాడు. ఆమె చెప్పింది తనకు జ్వరం తగ్గడం లేదనీ, ఇంటికి రావాలని ఉందనీ. ఆ సంగతి తల్లి ద్వారా తెలిసేసరికి పిల్ల ఆయనతో మాట్లాడటం మానేసింది.

ఏసయ్య కొత్త ఫోన్ కొనడానికే నిశ్చయించుకున్నాడు. జగిత్యాలలో ఆయనను అందరూ ఎరుగుదురు. కోరుట్లలోనూ అంతే. అందుకని మిల్లుకు సెలవు పెట్టి, వేములవాడలో బస్సు మారి, తనను గుర్తుపట్టే నాథుడు లేని సిరిసిల్లకు పోయాడు. దుకాణంలో అడుగుపెట్టేసరికి రాజమల్లు ఒక కొత్త ఫోన్‌ను చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు.

“ఏం మామా, గిటు అచ్చినవ్?”

రాజమల్లు ఆ ఫోన్‌ను కాలిన పెనంలా కింద పెట్టాడు. “మన ఫోన్‌కు అద్దం ఏపిద్దామని అచ్చిన అల్లుడా. నువ్వు?”

“వైరు తెగింది.”

“జగిత్యాల్ల దొర్కలేదా?”

“నీకు అద్దం దొర్కలేదా?”

ఇద్దరూ ఆ ప్రశ్నలను అక్కడితో వదిలేశారు. కౌంటరులో ఉన్న స్రవంతి అనే అమ్మాయికి ఈ మర్యాదలేవీ తెలియవు. కొత్త ఫోన్ తీసి ఏసయ్య చేతిలో పెట్టి, తాను మూలకు పోయి, దానికి ఫోన్ చేసి “ఇనవడుతుందా కాకా?” అన్నది. ఆ గొంతు పక్కన కూర్చుని మాట్లాడినట్టు వినపడింది. ఆ గొంతు స్థానంలో ఇంకో గొంతును ఊహించుకుంటూ ఏసయ్య అవసరమైనదానికంటే ఎక్కువసేపే విన్నాడు.

రాజమల్లు ఆయన ముఖంలోకే చూస్తున్నాడు. “ఎట్లున్నది అల్లుడా?”

బాగుందంటే చాలు, ఇద్దరూ చెరొకటి కొనుక్కుని పోవచ్చు. కానీ అప్పుడు పాతదాని మాట వస్తుంది.

“మంచిగనే ఉన్నది గని,” అన్నాడు ఏసయ్య, “మనదానంత లేదు.”

“నేనూ గదే అనుకున్న,” అన్నాడు రాజమల్లు నీరసంగా.

రాజమల్లు పగలని అద్దం మీద కొత్త అద్దం వేయించుకున్నాడు. ఏసయ్య ఒక వైరు కొన్నాడు. తిరుగు బస్సులో ఒకే సీటులో కూర్చుని, వానల గురించి ఎంతో శ్రద్ధగా మాట్లాడుకున్నారు. వేములవాడ స్టాండులో బస్సు ఆగినప్పుడు ఏసయ్య ఫోన్ మోగింది. శైలజ. అలక మాని తనంతట తానే చేసింది.

వైరు సంచి అడుగున ఉంది. ఫోన్‌ను చెవికి గట్టిగా అదిమాడు. దోమ ఏదో అడుగుతోంది. అడిగి, జవాబు కోసం ఆగింది. “మంచిది” అన్న మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది.

“నాకు ఇనవడ్తలేదు బిడ్డా,” అన్నాడు, పక్కన సాక్షి ఉండగా, మొదటిసారి. “గీ ఫోన్‌ల ఇనవడ్తనే లేదు.”

రాజమల్లు కిటికీలోంచి బయటకు చూశాడు. ఊరు కుర్చీ వేసిన మనిషి అట్లా కూలిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు. చేయి చాచి ఏసయ్య భుజం తట్టాడు.

“బస్సు సప్పుడు అల్లుడా. ఫోన్ ఏం జేస్తది పాపం. ఇంటికి పోయినంక మాట్లాడుదువు తియ్యి.”

ఏసయ్య ఆ మాట కాదనలేకపోయాడు. ఫోన్ కట్ చేసి జేబులో పెట్టుకున్నాడు.

డ్రైవరు ఇంజను ఆపి, దిగి, అప్పటికే చాయ్ తాగుతున్నాడు.