అమ్మ వేసిన గెట్టు

మా ఇబ్రహీంపట్నంలో ఇప్పుడు ప్లాట్లు అమ్మేవాళ్లకు అన్నిటికీ ఒకటే మాట, హద్దు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. మాకు శివారు వేరు, ఒరం వేరు, గెట్టు వేరు. ఊరికీ ఊరికీ మధ్య ఉండేది శివారు. ఒకే రైతు మడుల మధ్య నీళ్లు ఆపేది ఒరం. గెట్టు అలా కాదు. ఇటు ఒకరిది, అటు ఇంకొకరిదని చెప్పడానికి ఎత్తుగా మట్టి పోసి రాళ్లు పాతుతారు. అన్నదమ్ములు కలిసున్నంతకాలం వాళ్ల పొలంలో గెట్టు ఉండదు. వేరుపడ్డాకే వేస్తారు.

చెరువు కింద మా బాపుకూ చిన్నాయనకూ కలిపి ఒక పొలం ఉండేది. అందులో అన్నీ ఒరాలే. చిన్నాయన దొరల మీద కొట్లాడే సంఘంలో తిరిగి తిరిగి దళంలో కలిశాడు. పోలీస్ యాక్షన్ అయ్యాక మిలట్రీ వాళ్లు అతని కోసం వచ్చారు, దొరక్కపోయేసరికి బాపును క్యాంపుకు పట్టుకుపోయారు. బాపుకు ఎడ్లూ పొలమూ తప్ప లోకం తెలియదు.

అమ్మ పోయి పటేలు కాళ్ల మీద పడింది.

"అన్నదమ్ములు వేరువడ్డరని చెప్పి ఇడిపిస్త. గని క్యాంపు సార్లు పొలం చూస్తమంటరు. గెట్టేది?" అన్నాడాయన.

అమ్మ మరునాడు పొద్దున్నే పార పట్టింది. నేను తట్టతో మట్టి మోశాను. పొలం నడుమ గెట్టు లేచింది. ఎవరడిగినా "అవ్, మేం వేరువడ్డం" అనేది, సొంత అక్కతో కూడా. అయినా చిన్నాయన వస్తాడేమోనని రోజూ ఒక రొట్టె ఎక్కువే చేసేది.

అతను వచ్చాడు. ఓ సాయంత్రం చెరువు కట్ట దిగి, గెట్టు చూసి ఆగిపోయాడట. అక్కడ మేకలు కాస్తున్న ముసలమ్మ తరువాత మాకు చెప్పింది.

"మా అన్న వేరువడ్డడా?" అని అడిగాడట.

"అవ్ బిడ్డా. మీ వదినెనే చెప్పింది."

"మంచిగ చేసిండు తియ్. పిల్లలున్నోడు."

మా ఇంటి వైపు రాకుండా వచ్చిన దారినే పోయాడట.

సార్లు గెట్టు చూసి బాపును వదిలారు. కుంటుకుంటూ గడప దాటి బాపు అడిగిన మొదటి మాట, "తమ్ముడు వచ్చిండా?" అమ్మ దాచలేదు. బాపు ఆ పూట అన్నం ముట్టలేదు. క్యాంపు ఉన్నన్నాళ్లూ గెట్టును కదిలించే వీల్లేదు. వానకు కరిగితే బాపే మళ్లీ మట్టి వేసేవాడు, పళ్లు కొరుక్కుంటూ.

క్యాంపు ఎత్తేసిన రోజు పార తీసుకుని పోయాడు. అమ్మ అందుకోబోతే ఇవ్వలేదు. ఒక్కడే మొత్తం చదును చేసి, "ఇగ వస్తడు" అన్నాడు.

తరువాత కొన్నాళ్లకు దళంలో మిగిలిన ఒకాయన మా ఇంటికి వచ్చాడు. మా పొలం దగ్గరి నుంచి వెనక్కి పోయిన మరునాడే చిన్నాయన గుట్టల్లో జరిగిన కాల్పుల్లో చనిపోయాడని చెప్పాడు. బాపు గోడ పట్టుకుని ఏడ్చాడు. అమ్మ ఏడవలేదు. "ఆ పూట ఇంటికొస్తే బతుకుతుండె" అని ఒక్కమాట అంది. నువ్వే కదమ్మా బాపును బతికించుకున్నావని అమ్మ పోయేదాకా చెప్పి చూశాను. ఆమె చెవికెక్కలేదు.