కూత తెగిన రోజు

సత్యవేడులో ఇంటర్ చదివేటప్పుడు మా కబడ్డీ జట్టు కెప్టెన్ పులికాట్ ఒడ్డు పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. వాళ్ల నాయన పడవ మీద రొయ్యల వేటకు పోతాడు. ఆమె మా అందరికంటే పొట్టి, బక్కపలచన. అయినా అవతలి జట్టు అమ్మాయి కూతకు వస్తే కాలు పట్టడానికి మొదట దూకేది ఆమే. గ్రౌండంతా గులకరాళ్లు. మేము పడడానికి జంకితే కసిరేది కాదు, తనే మళ్లీ పడి చూపించేది.

నాకెంతకీ పట్టు చిక్కేది కాదు. ఒక సాయంత్రం ఏడుపొచ్చి పక్కకెళ్లి కూర్చున్నాను. ఆమె వచ్చి చెయ్యి పట్టుకుని లేపింది.

“లెయ్ మే. నా పక్కనే నిలబడు. నీ చెయ్యి నేను ఇడవను గదా, బయమెందుకు?”

అప్పటినుంచి కోర్టులో ఆమె చెయ్యి పట్టుకునే నిలబడ్డాను.

చిత్తూరులో పోటీలు దగ్గరపడ్డాయనగా ఆమెకు జ్వరం వచ్చి ఊరికి వెళ్లింది. డెంగీ అన్నారు. తిరుపతి ఆసుపత్రికి తీసుకెళ్లారు గానీ ప్రాణం దక్కలేదు.

“ఆడలేమంటే మానేద్దాం,” అంది పీఈటీ మేడమ్.

“ఆడతాము మేడమ్,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. మేడమ్ నన్నే కెప్టెన్‌ను చేసింది.

చిత్తూరులో మొదటి కూతకు నేనే వెళ్లాను. గీత దాటగానే ఎదురుగా ఇద్దరమ్మాయిలు చేతులు పట్టుకుని నిలబడి కనిపించారు. వెక్కిళ్లతో కూత తెగింది. విజిల్ పడింది, నేను అవుట్.

బయట కూలబడి మొహం కప్పుకున్నాను. కాసేపటికి తలెత్తితే మావాళ్లందరూ నావైపే చూస్తున్నారు. నేను కూర్చుంటే వాళ్లూ కూర్చుంటారని అప్పుడర్థమైంది. లేచి నిలబడి అరిచాను.

“చేతులు ఇడవద్దండి మే! పట్టండి!”

వాళ్లు ఒకమ్మాయిని పట్టేశారు. దాంతో నేను మళ్లీ లోపలికి వచ్చాను. ఈసారి కూత ఆగలేదు. మ్యాచ్ మాత్రం ఓడిపోయాం. చివరి విజిల్ దాకా ఒక్కరం కూడా తగ్గలేదు.

తర్వాత అందరం పులికాట్ ఒడ్డున ఆమె ఊరికి వెళ్లాం. వాళ్లమ్మ మా మొహాలు ఒక్కొక్కటే చూసింది.

“మళ్లా రావద్దండమ్మా,” అంది మెల్లగా. “మిమ్మల్ని సూస్తే నా బిడ్డ యాడుండాదని కండ్లు ఎతకతా ఉండాయి.”

మేం మళ్లీ వెళ్లలేదు.

మరుసటి ఏడు కూడా నేనే కెప్టెన్ని. జూనియర్లకు పడడం నేర్పాను, లేవడం నేర్పాను. గెలిచాం. కప్పుతో ఫోటో తీసేటప్పుడు అందరూ నవ్వమన్నారు. నా వల్ల కాలేదు.