చదునైన కొండకు జారే దారి

2023 వేసవిలో తెనాలిలోని ఒక యాత్రా సంస్థలో కరపత్రాలు రాసే ఉద్యోగంలో చేరాను. నేను చదివింది భూగర్భశాస్త్రం. కాశీ, అరుణాచలం యాత్రలు నడిపే మా యజమాని ఆ ఏడాది తొలిసారి ఐస్‌లాండ్ యాత్ర ప్రకటించారు. రేపల్లె, బాపట్లల నుంచి పదకొండుమంది విశ్రాంత ఉపాధ్యాయులు పేర్లిచ్చారు.

ఆ యాత్రకు ఆకర్షణ ఒక టుయా. మందపాటి మంచు కింద బద్దలైన అగ్నిపర్వతాన్ని అలా అంటారు. మంచు కరిగిన నీటిలో లావా చటుక్కున చల్లబడి గాజుపెంకుల్లా పగిలి కుప్పపడుతుంది. ఆ కుప్ప మంచును దాటి పైకి వచ్చాక, లావా మూతలా పరుచుకుంటుంది. మంచు పోయాక మిగిలేది బల్లపరుపు నెత్తి, నిట్టనిలువు పక్కలు. ఆ పక్కల నిండా స్క్రీ, అంటే అడుగు వేస్తే జారే రాళ్ళపోగు. వేసవిలో కొద్ది వారాలే దారి తెరుచుకుంటుంది. పైనుంచి రాళ్ళు దొర్లుతాయి కనుక హెల్మెట్ లేకుండా ఎక్కకూడదు.

రేపల్లె నుంచి వచ్చిన భూగోళం మాస్టారు ఫొటో చూసి మురిసిపోయారు. "ముప్పై ఏళ్ళు అగ్నిపర్వతమంటే బోర్డు మీద గోపురంలా గీశానమ్మా. ఇదేంటి, పీటలా ఉంది! ఎక్కేస్తే మన బాపట్ల బీచ్‌లో నడిచినట్టే."

"పైన అంతేనండి మాస్టారూ. ఎక్కే దారే..."

యజమాని అడ్డొచ్చారు. "అమ్మాయి పుస్తకాల్లోది చెబుతోందండి. తిరుమల మెట్లెక్కిన కాళ్ళు మీవి!"

మా కరపత్రాలన్నీ పాత కాశీ కరపత్రాన్ని దిద్దినవే. అన్నింటికీ చివరి వాక్యం ఒకటే: 'మోకాళ్ళ నొప్పులున్నవారికి సైతం అనుకూలం.' దాన్ని తీసేయాలని యజమానితో గంటసేపు వాదించాను.

"నువ్వన్నదే రైటమ్మా. కానీ ఆ లైను లేకపోతే మనవాళ్ళు కదలరు. ఈసారికి ఉంచు."

కాలేజీ డిబేట్లలో ఎదుటివారు ఒప్పుకుంటే మన పని అయిపోయేది. ఇక్కడ ఆయన ఒప్పుకున్నారు, వాక్యం మాత్రం అలాగే అచ్చుకు వెళ్ళింది. పంపింది నేనే.

జులైలో మా టూర్ మేనేజరు స్థానిక గైడు లేకుండానే, హెల్మెట్లు లేకుండానే వారిని ఎక్కించాడు. సగం దారిలో రాళ్ళు జారి మాస్టారి చీలమండ విరిగింది. సహాయక బృందం వచ్చేవరకూ ఆయన ఆ వాలు మీద చలిగాలిలో మూడు గంటలు కూర్చున్నారు.

సెప్టెంబరులో చేతికర్రతో ఆఫీసుకు వచ్చారు. "గ్రహచారం మాస్టారూ" అన్నారు యజమాని. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏ గ్రహం అచ్చువేసింది ఆ కరపత్రాన్ని?

మాస్టారు ఆయన వైపు చూడలేదు. కరపత్రం తీసి చివరి వాక్యం మీద వేలు పెట్టారు. "ఇది రాసిందెవరమ్మా?"

"నేనేనండి."

"అప్పటికే నీకు తెలుసుగా?"

"తెలుసండి."

"తెలియక తప్పు రాసినవాళ్ళని చాలామందిని చూశాను. తెలిసి రాసిన పిల్లవి నువ్వేనమ్మా." కాగితం నా బల్ల మీద పెట్టి, కర్ర ఊతంతో మెట్లు దిగారు. ఆ కొండ మీది చదును నేలను ఆయన చూడనేలేదు.

ఆ వారమే ఉద్యోగం మానేశాను. కోపం మాత్రం నేటికీ తగ్గలేదు. అందులో సగం నా మీదే. ఇప్పుడు మరోచోట ఇదే పని చేస్తున్నాను. శిఖరం ఫొటో కన్నా ముందు దారి గురించి రాస్తాను. ఆ మాట తీసేయమంటే గంటసేపు వాదించను. కాగితం అచ్చుకు పంపను.