లమియత్ పెద్దమ్మ చేపల పులుసు

లమియత్ పెద్దమ్మకు చేప కనబడితే చాలు, దాన్ని ఎలా వండాలో చెప్పేదాకా నోరు ఊరుకోదు. ఆ చేప బుట్టలో ఉందా, సముద్రంలో ఉందా, అద్దం వెనకాల ప్రభుత్వ ఖర్చుతో ఈదుతోందా అన్న తేడా ఆవిడకు లేదు. నా ఖర్మ కొద్దీ నేను పనిచేసేది అక్వేరియంలో.

మా అక్వేరియం చిన్నది. టికెట్ చింపేదీ నేనే, లోపల చేపల గురించి చెప్పేదీ నేనే. పెద్దమ్మ రేవుపేటలో పసిపిల్లల బడి నడుపుతుంది. ఏటా వానలు వెనకబట్టగానే పిల్లల్ని టాపు బండిలో కుక్కుకుని వచ్చి మా గుమ్మంలో దింపుతుంది. వాళ్లు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని రైలుబండిలా లోపలికి వస్తారు.

మొదటి తొట్టిలో పండుగప్ప ఉంటుంది. పెద్దమ్మ అక్కడ ఆగి, "ఎవరైనా ఎదురైతే ఏమని పలకరించాలి?" అంటుంది.

"అన్నం తిన్నావా?" అని పిల్లలందరూ పండుగప్పకు చేతులు జోడిస్తారు.

"తిన్నదట. ఇక మనం తినే సంగతి చూద్దాం. దీన్ని ఆవిరి మీద పెట్టి, నిమ్మకాయ పిండి, వెల్లుల్లి దంచి వేస్తే ఉంటుందీ..."

నేను గొంతు సవరించుకుంటాను. "పిల్లలూ, ఈ చేప మంచినీళ్లలోనూ ఉప్పునీళ్లలోనూ బతకగలదు."

"అందుకే ఉప్పు చూసి వేసుకోవాలి," అంటుంది పెద్దమ్మ.

తర్వాతి తొట్టిలో నారింజ చారల బుల్లి చేపలు. ఊరంతా వాటిని చూసి మురిసిపోతుంది. పెద్దమ్మ మాత్రం, "వీటికి మూకుడు పెట్టడం నూనె దండగ," అని ముందుకు కదులుతుంది. ఒళ్లంతా ముళ్లున్న బుంగచేప దగ్గర మాత్రం పిల్లల్ని వెనక్కి లాగుతుంది. "ఇది విషం. దీన్ని తినకూడదు, తిట్టకూడదు, పలకరించి వెళ్లిపోవాలి. మీ తాతగారిలాగన్నమాట."

ఈ గోల పడలేక ఒక ఏడు నేనే బోర్డు రాయించి పెట్టాను: "ఇక్కడ చేపల వంటలు చెప్పరాదు." పెద్దమ్మ దాని ముందు నిలబడి తల అటూ ఇటూ తిప్పింది.

"ఏం రాశావు నాయనా? కళ్లజోడు తేలేదు."

"కళ్లజోడు మీ ముక్కు మీదే ఉంది పెద్దమ్మా."

"ఇది చేపలు చూసే జోడురా. చదివేది ఇంట్లో ఉంది."

ఆవిడ వంటల మీద కోపమున్నా నోట్లో నీళ్లు ఊరకపోలేదు. ఒకసారి చేటలా వెడల్పుగా ఉండే టేకు చేపను కొబ్బరిపాలలో అరటిపండు వేసి ఉడికించాలని ఆవిడ చెబితే, ఇంటికెళ్లి మా ఆవిడ చేత చేయించాను. మా పిల్లి గిన్నె దాకా వచ్చి, వాసన చూసి, నా వైపు జాలిగా చూసి వెళ్లిపోయింది. మా ఆవిడ ఆ పాటి జాలి కూడా చూపలేదు.

నిరుటి సంగతి చెబుతాను. చివరి గదిలో మా పెద్ద తొట్టి ఉంది. అందులో నిలువెత్తు సొరచేప తిరుగుతుంటుంది. పిల్లలంతా లోపలికి వెళ్లారు గానీ, ఫాంగ్ అనే పిల్ల గుమ్మంలోనే కూలబడిపోయింది. తలుపు చెక్క పట్టుకుని వదలదు.

"ఏమ్మా, భయమా?" అన్నాను.

"మా నాన్న పడవ మీద వెళ్లాడు. ఇది కూడా ఆ నీళ్లలోనే ఉంటుందంట కదా?" అంది.

ఓదార్చాలని, తెలిసిన విద్యంతా బయటికి తీశాను. "ఇది మనుషుల జోలికి రాదమ్మా. పళ్లకేం, బోలెడు. ఒక వరస ఊడితే వెనక ఇంకో వరస వస్తుంది, దాని వెనక ఇంకోటి..."

ఫాంగ్ గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టింది. లోపలున్న పిల్లల్లో సగం మంది జత కలిశారు. పెద్దమ్మ నన్ను మోచేత్తో పక్కకు నెట్టి ఆ పిల్ల పక్కనే చతికిలబడింది.

"ఏడుపు తర్వాత. ముందు పులుసు సంగతి చెప్పు. మీ నాన్న రేవులో దిగగానే ఆకలంటాడు కదా. దీనిలో ఏం వేద్దాం?"

ఫాంగ్ వెక్కుతూనే సొర వైపు ఓరగా చూసింది. "చింతపండు."

"ఊఁ, ఇంకా?"

"పసుపు."

"మిరపకాయలో?"

"బోలెడు!" అని లేచి నిలబడింది.

"తలకాయ ముక్క ఎవరికి?"

"నాన్నకి!"

ఆ మాట అంటూ అద్దం దాకా నడిచింది. సొర వచ్చి ఎదురుగా నిలిచింది. ఫాంగ్ చేతులు జోడించి, "అన్నం తిన్నావా? మేం నిన్ను తింటాం," అని మర్యాదగా చెప్పింది. సొర తోక తిప్పుకుని రాళ్ల వెనక్కి పోయింది. పిల్లలు గంతులేశారు. నేనూ వేశాను, అబద్ధమెందుకు.

ఆ సంతోషంలో మధ్యాహ్నం పెద్దమ్మకు వేయించిన చేప తెప్పించి ముందు పెట్టాను. ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

"తియ్యి, తియ్యి! అవతల పెట్టు!" అని తన డబ్బా విప్పుకుంది. అన్నం, కోడిగుడ్డు అట్టు, దోసకాయ ముక్కలు.

టాపు బండి డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆవిడకి చేప పడదు సార్. చేపసాసు చుక్క తగిలినా ఒళ్లంతా దద్దుర్లే. పుట్టి బుద్ధెరిగి తిన్నది లేదు."

నేను నోరు వెళ్లబెట్టాను. "మరి ఇన్నేళ్లుగా చెప్పిన వంటలో?"

"నోటికొచ్చినవి చెప్పాను," అంది పెద్దమ్మ. " వీళ్ల నాన్నలందరూ నీళ్ల మీదే కదరా! గాలి లేచిన రాత్రి ఈ పిల్లల్లో ఒక్కరూ నిద్రపోరు. సముద్రంలో ఉన్నవన్నీ మన గిన్నెలోకి వచ్చేవే అని తెలిస్తే కాస్త కన్ను మూతపడుతుందని..."

ఆ మాటకు చేతులు జోడించబోయాను. అంతలో పిల్లి ముఖం గుర్తొచ్చింది.

"అయితే ఆ అరటిపండు?"

పెద్దమ్మ ఆశ్చర్యంగా చూసింది. "నిజంగా వండావా? నీకు బుద్ధి లేదూ!"

మొన్న ఫాంగ్ మళ్లీ వచ్చింది, ఎండకు కమిలిన ఒక మనిషి వేలు పట్టుకుని. తిన్నగా సొర ముందుకు లాక్కెళ్లి నిలబెట్టింది.

"నాన్నా, దీనిలో చింతపండు, పసుపు, బోలెడు మిరపకాయలు!"

ఆయన నా బోర్డు చదివి, కంగారుగా ఆ పిల్ల నోరు మూయబోయాడు. నేను అడ్డం వెళ్లాను.

"ఉండండి సార్, చెప్పనివ్వండి. అమ్మా ఫాంగ్, ఉప్పు మరిచిపోయావు."