కాగితం మీద గెలిచిన తూటా

గొర్రెల స్టేషన్‌కి చేరేసరికి మధ్యాహ్నం రెండుంపావు. ఎడ్మండ్‌సన్ పార్క్‌లో మా ఇళ్ల దగ్గర బయలుదేరి అది రెండో రోజు. ఈ దేశంలో స్టేషన్ అంటే రైలు ఆగేది కాదు. కనుచూపుమేర గొర్రెల మేతభూమి. నలభై నాలుగు డిగ్రీలు. ఎర్రమట్టి. మోకాలెత్తు ముల్గా తుప్పలు, సగం చచ్చినవి. వాయవ్యం నుంచి ఆగని గాలి. పడక, రేకుల షెడ్డులో రెండు మడతమంచాలు. తాగడానికి తెచ్చుకున్న నీళ్లు అరవై లీటర్లు.

పని తొమ్మిది రోజులు. మా షూటింగ్ క్లబ్బు పంపింది. వానల్లేక రెండేళ్లు. అడవిమేకలు మందలుగా వచ్చి గొర్రెల నీళ్లు తాగేస్తున్నాయి. బక్కచిక్కిన వాటిని మాంసానికి పట్టుకుపోయే లారీ కూడా రాదు. కాల్చడం ఒక్కటే మిగిలింది.

నేను పటాలంలో ఇరవై రెండేళ్లు చేసి హవల్దారుగా దిగినవాణ్ని. యూనిట్ షూటింగ్ టీములో పదకొండేళ్లు. చదువు ఏడో తరగతి. గుండు ఎలా ఎగురుతుందో, గాలికి ఎంత జరుగుతుందో డిక్షనరీ పక్కన పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. అందుకే నాకు చెప్పవచ్చేవాళ్లంటే మొదటి నుంచీ ఒళ్లు మంట.

నాతో వచ్చినవాడు స్పాటర్. దుర్భిణీలో చూసి దూరం, గాలి, దెబ్బ ఎక్కడ తగిలిందీ చెప్పడం అతని పని. వరంగల్ మనిషి, నలభై దాటాయి, వారమంతా ఒక బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు.

స్టేషన్ యజమానురాలు అరవై దాటిన ఆవిడ. ఒంటరిగా నడుపుతోంది. మమ్మల్ని యూట్ ట్రక్కులో నీటిగుంట దగ్గరికి తీసుకెళ్లింది. తవ్విన గుంట. చుట్టూ నడుం లోతు బురద, నడుమ ఒక పెద్ద హాలంత నీళ్లు. అక్కణ్నుంచి పంపు, పైపు, గొర్రెల దొడ్లో సిమెంటు తొట్టి. దొడ్లో నూట ఎనభై చూడి గొర్రెలు.

ఆర్డరు ఒక్కటే ఇచ్చింది. మేకలు గుంట బయటే చచ్చి పడాలి. నీళ్లలో ఒక్కటి చచ్చినా ఆ నీళ్లు అయిపోయినట్టే. వేరే నీళ్లు పదకొండు కిలోమీటర్ల అవతల బోరులో. చిక్కిన గొర్రెలు అంత దూరం నడవలేవు.

ఆ సాయంత్రం తూటాల మాట వచ్చింది. నా దగ్గర రెండు రైఫిళ్లు. పాయింట్ టూ టూ చిన్నది. కాగితానికీ కుందేలుకీ సరి, వంద మీటర్లు దాటితే గాలి దాన్ని ఎత్తుకుపోతుంది. మేకకి చాలదు. రెండోది టూ ట్వంటీ త్రీ. దానికి నేను తెచ్చింది అరవై తొమ్మిది గ్రెయిన్ల బరువు గుండు, షూటింగ్ పోటీల్లో వాడే తూటా. ఆవిడ అల్మరాలోంచి తన పెట్టె తీసి బల్ల మీద పెట్టింది: యాభై అయిదు గ్రెయిన్లు, మెత్తటి మొన. ఇది వాడు అంది.

పొద్దున్నే రెండు రకాల తూటాలూ పరీక్షించాను. అయిదూ నలభై, గాలి లేదు, వంద మీటర్లు, అయిదేసి రౌండ్లు. ఆవిడ తూటా గ్రూపు, అంటే అయిదు చిల్లులూ పడిన మేర, అగ్గిపెట్టె వెడల్పు. నాది చొక్కా బొత్తాం. ఆ టార్గెట్ కాగితం తీసుకెళ్లి ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ దాన్ని చూడను కూడా లేదు. పోటీ తూటా మొన తెరుచుకోదని, సూదిలా దూరి వెళ్లిపోతుందని చెప్పింది. మెత్తటిది లోపల విచ్చుకుంటుంది, జంతువు ఉన్నచోటే కూలుతుంది. ఆ సంగతి నేనూ చదివాను. చదివి పక్కన పెట్టాను. పటాలంలో మేం కాల్చినవన్నీ గట్టి తొడుగు గుళ్లే. తగిలిందా లేదా, అంతవరకే మా లెక్క. తగిలాక ఎంతదూరం నడుస్తుందని మమ్మల్ని ఎవడూ అడగలేదు.

స్పాటర్ మెల్లగా అన్నాడు: “అంకుల్, ఆమె చెప్పేది కూడ ఒక్కసారి వినుండ్రి. గురి ఆ తూటాకి రీ-జీరో చేస్తే హాఫ్ అన్ అవర్‌ల అయిపోతది గదా.”

“అగ్గిపెట్టె గ్రూపుతో నేను కాల్చను. అది తుపాకి కాదు, జల్లెడ.”

అతను నవ్వలేదు. “మీ ఇష్టం అంకుల్,” అన్నాడు.

స్టేషన్‌కి వచ్చిన మూడో రోజు పొద్దున. నేను గుంటకి తూర్పున మట్టిదిబ్బ మీద బోర్లా పడుకున్నాను. స్పాటర్ ఎడమకి తొంభై మీటర్లు, చేతిలో రేడియో. ఆరుంపావుకి మంద వచ్చింది. ఇరవై, ఇరవై అయిదు ఉంటాయి. నాకు నూట ఎనభై మీటర్లు. వాటికీ నీళ్లకీ మధ్య అరవై మీటర్లు. తల కదులుతూ ఉంటుంది గనక గురి భుజం వెనక పెట్టాను. మొదటి రౌండు ఆరూ ఇరవై రెండుకి.

“తగిలింది అంకుల్. కరెక్ట్ ప్లేస్. పడ్తలేదు.”

“పడుతుంది.”

రెండు, మూడు, నాలుగు. ప్రతిదీ అనుకున్నచోట తగిలింది. ఒక్కటీ కూలలేదు. ఉలిక్కిపడి, నిలబడి, దాహంతో వచ్చినవి కదా, నడక సాగించాయి.

“నీళ్ల దిక్కు పోతున్నయ్. ఆపుండ్రి అంకుల్. స్టాప్ చేయుండ్రి.”

ఆపలేదు. తగిలిన వాటికే మళ్లీ వేశాను. కొత్త వాటికీ వేశాను. గురి తప్పడం లేదు కదా, ఎందుకు ఆపాలి అనుకున్నాను. పదిహేడు రౌండ్లు. పదకొండు మేకలు. అయిదు దారిలో పడ్డాయి. ఆరు నీళ్లలోకి దిగి, తాగుతూ తాగుతూ చచ్చిపోయాయి.

తాళ్లు కట్టి యూట్‌తో లాగాం. మూడు వచ్చాయి. మూడు బురదలో దిగబడ్డాయి. నడుం దాకా దిగి తడుముకున్నాను. ఎండకి ఉబ్బి, మధ్యాహ్నానికి రెండు పగిలాయి, పంపు నోటి పక్కనే. నీళ్ల మీద నెత్తురు తెట్టు. ఆవిడ వచ్చి చూసి పంపు కట్టేసింది.  

నడవగలిగిన గొర్రెల్ని మర్నాడు బోరుకి తోలింది. నలభై ఒకటి నడవలేకపోయాయి. నీళ్ల ట్యాంకరు నాలుగు రోజులదాకా రాదని కబురొచ్చింది. బోరు నుంచి ట్రక్కులో డ్రమ్ములతో మేం మోసిన నీళ్లు వాటికి ఏ మూలకీ రాలేదు.

అయిదో రోజు పొద్దున ఆవిడ తన పెట్టె తెచ్చి నా మంచం మీద పెట్టింది.

“ఇప్పుడు ఆ నలభై ఒకటినీ వీటితో కాల్చు,” అంది. “నా చేత్తో నేను కాల్చలేను.”

ఆవిడ పెట్టెలో మిగిలిన తూటాలు నలభై అయిదు. నలభై ఒకటి సరిపోయాయి. దగ్గర్నుంచి, ఒక్కొక్క దానికి ఒక్కటి. ప్రతిదీ ఉన్నచోటే ఒరిగింది, కాళ్లు కూడా కొట్టుకోలేదు. ఆవిడ మొదటి సాయంత్రం చెప్పింది చెప్పినట్టే. స్పాటర్ దొడ్డి గోడకి ఒరిగి నిలబడ్డాడు. “చూడి గొర్రెలు అంకుల్,” అన్నాడు ఒకసారి.  తొమ్మిదో రోజుదాకా ఉండలేదు మేం. ఆరో రోజు ఉదయం ఏడింటికి బయలుదేరాం.

తిరిగొచ్చాక క్లబ్బులో నా బొత్తాం గ్రూపు కాగితాన్ని బోర్డుకి గుచ్చారు. ఎవరో చూసి ఏ కంపెనీ తూటా అంకుల్ అంటారు. చెబుతాను. ఫోన్‌లో రాసుకుంటారు. వేటకైతే వద్దు, అది జంతువుని చంపదు, నడిపిస్తుంది అంటాను. అది ఎవరూ రాసుకోరు. గురి ముఖ్యం కదా అంకుల్ అంటారు. గురి కుదిరినా పదకొండు మేకలు నడిచాయని గొంతు పెంచి చెబుతాను. ముసలాయనకి కోపం ఎక్కువ అనుకుని టీ తాగడానికి పోతారు. వాళ్లని అనడానికి నాకు నోరేది. నేనూ ఒక కాగితం చూసే తూటా ఎంచుకున్నాను.

ఆ అయిదో రోజు చివరిది, నలభై ఒకటో గొర్రె, తొట్టి దగ్గర ఉంది. తక్కినవన్నీ చుట్టూ పడి ఉన్నాయి. అది ఎండిన సిమెంటు అడుగుని నాకుతోంది, ఒకే చోట, మళ్లీ మళ్లీ. నలభై సార్లు తుపాకి పేలినా తల ఎత్తలేదు.