నీలం గీత చివరిదాకా

ఉచ్చీరమ్మకు పటాల పిచ్చి ఉందని ఊర్లో అందరికీ తెలుసు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య, పత్తి చేలల్లో తలదాచుకున్న చిన్న ఊరు వాళ్ళది. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి ఉంటుంది. ఒకరికి పొట్టేళ్ళు, ఒకరికి భజన, ఒకరికి కోర్టు. వాటినెవరూ వింతగా చూడరు. కూలికి పోయే ఆడమనిషి గడప మీద కూర్చుని అట్లాసు చూస్తూ ఉంటే మాత్రం దారిన పోయేవాళ్ళు ఆగి నవ్వి పోయేవాళ్ళు.

అయిదో తరగతిలో ఉండగా సామ్సన్ సార్ ఒకరోజు గుడ్డ పటం ఒకటి తెచ్చి గోడ మేకుకు తగిలించాడు. పైనొక కర్ర, కింద ఒక కర్ర. చుట్ట విప్పగానే రాష్ట్రమంతా గోడ మీదికి జారింది. ఉచ్చీరమ్మ లేచి నిలబడి మన ఊరు ఎక్కడుందని అడిగింది. సార్ ఆదోని పక్కన వేలు ఆనించి, "ఈడ యాడనో ఉంటాది లే, కూర్చో" అన్నాడు.

ఆ "యాడనో" ఆమెకు మింగుడుపడలేదు. ఇన్ని ఊర్లకు చోటిచ్చిన పటంలో తమ ఊరికి చుక్కంత చోటు లేకపోవడమేమిటని కోపం వచ్చింది. ఆ కోపంలోనే పటాన్ని కళ్ళతో వెతుకుతూ ఉంటే నీలం గీత ఒకటి కనిపించింది. సార్ దాని మీద బెత్తం నడిపిస్తూ చెప్పాడు: ఇది తుంగభద్ర, కౌతాళం పక్కగా మంత్రాలయం మీదుగా కర్నూలు పోతుంది, ఆ తర్వాత కృష్ణలో కలుస్తుంది, కృష్ణ పోయి సముద్రంలో కలుస్తుంది. అంతకు ముందు ఏడాదే వాళ్ళమ్మతో మంత్రాలయం పోయినప్పుడు ఆ నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగింది ఉచ్చీరమ్మ. తన కాళ్ళను తాకిపోయిన నీళ్ళు ఇంత దూరం పోయి ఒకచోట అయిపోతాయన్నమాట. ఆ చోటు చూడాలనిపించింది. చిన్న పిల్లకు మిఠాయి కావాలనిపించినట్టు అనిపించింది, అంతే. కానీ ఆ కోరిక మళ్ళీ ఆమెను వదల్లేదు.

ఏడో తరగతి మధ్యలో వానలు మొహం చాటేశాయి. అమ్మానాన్నలు సుగ్గికి బయలుదేరారు. పనులు లేని నెలల్లో గుంటూరు వైపు మిరప కోతలకు పోవడాన్ని అక్కడ సుగ్గి అంటారు. ఉచ్చీరమ్మనూ తీసుకుపోయారు. తిరిగి వచ్చేసరికి పరీక్షలు అయిపోయాయి. బడి అక్కడితో సరి.

అట్లాసు తర్వాత దొరికింది. నాన్నతో పాటు పత్తి మూటల బండి మీద ఆదోని యార్డుకు పోయిన రోజు, వేలం పాట అయ్యేలోపు బజారులో తిరుగుతూ పాత పేపర్ల అంగడి ముందు ఆగింది. తూకానికి వచ్చిన పుస్తకాల కుప్పలో అట్ట లేని అట్లాసు ఒకటి నోరు తెరుచుకుని పడి ఉంది. అంగడి ఖాదర్ వలి ఆ పిల్ల వంగి చూస్తున్న తీరు గమనించి, అందులో సగం పేజీలు లేవని, పొట్లాలకు చించేశానని, ఉన్నవి కావాలంటే పట్టుకుపొమ్మని అన్నాడు. ఆఫ్రికా లేదు. అమెరికా సగమే ఉంది. మన దేశమూ మన రాష్ట్రమూ మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి. అంతకంటే ఆమెకేం కావాలి? ఇంటికి పోయి గోధుమ రంగు గుడ్డతో దానికి అట్ట కుట్టుకుంది.

కౌతాళం దగ్గరి బసప్పకు ఇచ్చి పెళ్ళి చేశారు. వానకాలం పోగానే బసప్పకు అత్తవారి ఊర్లోనే కౌలు చేను దొరికింది గనుక కాపురం అక్కడే పెట్టారు. బసప్ప నెమ్మదైన మనిషి. ఆయన లెక్కలో దారి అంటే చేనికి పోయేది, సంతకు పోయేది. ఒకరోజు భార్య అట్లాసు తెరిచి, ఎమ్మిగనూరు నుంచి కర్నూలు, ఆత్మకూరు, దోర్నాల, వినుకొండ అంటూ సుగ్గి లారీ పోయే దారి వేలితో చూపిస్తే, అన్నం తింటూ అంతా విని, "తోవ తెలిసినా తెలీకపోయినా లారీ యాడికి పోతే ఆడికే కదా మనం పోయేది" అన్నాడు.

ఎగతాళిగా అనలేదాయన. అందుకే ఆమెకు మరీ మండింది.

ఏటా అదే వరస. పుష్యం దాటగానే, కూలీలను కుదిర్చే మేస్త్రీ మద్దయ్య లారీ తెచ్చేవాడు. మూటలు, గిన్నెలు, పిల్లలు, కోళ్ళు, అన్నిటినీ ఎక్కించి పైన పట్ట కప్పేవాడు. నల్లమల కొండలన్నీ ఆ పట్ట కిందే దాటిపోయేవి. మలుపుల్లో కడుపులో తిప్పడమే తప్ప అడవి ఎలా ఉంటుందో ఉచ్చీరమ్మ చూడలేదు. దిగేసరికి మిరప చేలు. చేను గట్టు మీద గుడిసె, కళ్ళల్లో మంట, వేళ్ళ సందుల్లో మంట. సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని అట్లాసు తెరిస్తే, వాళ్ళున్న చోటు నుంచి కృష్ణ సముద్రంలో కలిసే చోటు చిటికెన వేలి గోరంత దూరం. అంతే దూరం. మంత్రాలయం దగ్గర మొదలుపెట్టిన గీత చివరికి లారీయే తనను తెచ్చి పడేస్తోంది, ఆ గోరంత మాత్రం దాటనివ్వడం లేదు.

మొదటి ఏడు అడిగితే కోతలయ్యాక చూద్దాం అన్నాడు బసప్ప. కోతలైన రోజే లారీ వచ్చి నిలబడింది. మరుసటి ఏడు అమావాస్య సెలవుకు పోదామని మాట తీసుకుంది. అమావాస్య నాటికి కూతురు ఇందు ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. ఇంకో ఏడు చీర కట్టుకుని, సద్ది మూట కట్టుకుని, బస్సు రోడ్డు దాకా కూడా నడిచారు. వానమబ్బు చూసి చేను ఆసామి మోటారు సైకిల్ మీద వెంటబడి వచ్చాడు. కళ్ళంలో ఆరబోసిన కాయలు తడిస్తే మీకూ నాకూ అన్నం ఉండదన్నాడు. అది నిజమే. వెనక్కు తిరిగారు. ఒక్క చుక్క కూడా రాలకుండా ఆ మబ్బు తేలిపోయింది.

అన్నిటికంటే దుర్మార్గమైన ఏడు కరోనా వచ్చిన ఏడు. కోతలు ఆగిపోయాయి, లారీలు ఆగిపోయాయి. చేసేందుకు పని లేదు, ఇంటికి పోయేందుకు దారి లేదు. గుడిసెల ముందు వారాల తరబడి ఊరికే కూర్చున్నారు. ఉచ్చీరమ్మకు బతుకులో అంత తీరిక ఎప్పుడూ దొరకలేదు. సముద్రం అదిగో, అక్కడే ఉంది. రోడ్డెక్కితే పోలీసులు. ఒకరోజు ఉండబట్టలేక నడిచే పోదామని చేలకు అడ్డంపడి బయలుదేరింది. పక్క ఊరి పొలిమేరలో ముళ్ళకంప వేసి కాపలా ఉన్నారు. ఎక్కడి నుంచి వచ్చిందో, రోగం తెచ్చిందేమో అంటూ దూరం నుంచే అదిలించారు. గుడిసెకు వచ్చి అట్లాసు మూటలో అడుగున పెట్టేసి, ఇంటికి చేరేదాకా ముట్టుకోలేదు.

తర్వాత ఇందు ఆదోనిలో హాస్టల్లో ఉండి చదువుకుంటూ, సెలవులకు వచ్చినప్పుడు సెల్ ఫోనులో మ్యాపు చూపించింది. వేలితో లాగితే వాళ్ళ ఊరు కూడా వచ్చింది, వాళ్ళ వీధి కూడా వచ్చింది. చిన్నప్పటి కోపం తీరాల్సిన చోటు అది. తీరలేదు. ఊరు చూస్తే నది కనబడదు, నది చూస్తే ఊరు మాయమవుతుంది. రెండూ ఒకేసారి కనబడితేనే కదా తానెక్కడుందో తెలిసేది. అమ్మకు ఏది చూపించినా వంకే అని ఇందు విసుక్కుంది. ఆ మాటా నిజమే అనిపించి ఉచ్చీరమ్మకు ఇంకా చికాకు పుట్టింది. దానికి తోడు అట్లాసు పాతబడిపోయింది. రాష్ట్రం రెండైంది. గుంటూరు జిల్లా హద్దు ఎక్కడెక్కడ పోతుందో కష్టపడి గుర్తు పెట్టుకున్నాక ఆ జిల్లాను మూడు చేశారు. గీతలన్నీ ఎవరో మారుస్తూనే ఉన్నారు, తాను మాత్రం ఆ ఒక్క నీలం గీత పొడవునా పోయి చూడలేకపోతోంది.

మొన్నటి ఏడు మిర్చి ధర పడిపోయింది. కోత కూలి కూడా గిట్టదని ఆసామి సగం చేను వదిలేశాడు. లారీ దొరికేదాకా నాలుగైదు రోజులు ఆగాలని మద్దయ్య చెప్పాడు. అందరూ గుడిసెల్లో పడుకున్నారు. ఉచ్చీరమ్మ పొద్దున్నే తల దువ్వుకుని, అట్లాసు సంచిలో పెట్టుకుని బయలుదేరింది.

"యాడికి?" అన్నాడు బసప్ప.

"నీకు తెలుసు యాడికో. వస్తే రా, రాకుంటే ఈడే పండుకో. నేను మాత్రం ఈతూరి ఎవుర్నీ అడగను."

బసప్ప కాసేపు అటూ ఇటూ చూసి, కండువా దులుపుకుని, గొణుక్కుంటూ వెనకే వచ్చాడు. గుంటూరులో రైలెక్కి రేపల్లెలో దిగారు. అక్కడి నుంచి బస్సులో కృష్ణ మీది పొడవాటి వంతెన దాటుతుంటే ఉచ్చీరమ్మ కిటికీ ఊచలు పట్టుకుని లేచి నిలబడింది. వెనకాయన కూర్చోమని కసిరినా వినలేదు. అవనిగడ్డలో బస్సు మారి, ఆపైన ఆటో పట్టుకుని హంసలదీవి దాటి సముద్రం ఒడ్డుకు చేరేసరికి మధ్యాహ్నం తిరిగింది.

సముద్రం ఉంది. జనం స్నానాలు చేస్తున్నారు. బసప్ప పంచె ఎగ్గట్టి అలల్లో నిలబడి, చూశావు కదా, ఇంక పోదామన్నాడు. ఉచ్చీరమ్మ అటూ ఇటూ చూసింది. కృష్ణ ఏది? ఒడ్డున మొక్కజొన్న కండెలు కాల్చే మనిషిని అడిగింది. కలిసే చోటు ఇది కాదని, ఇసుక వెంట ఇంకా చాలా దూరం పోవాలని, ఆటోలు రావని ఆ మనిషి చెప్పాడు.

అదే సమయానికి బసప్ప ఫోను మోగింది. మద్దయ్య. లారీ దొరికింది, సాయంత్రానికే బయలుదేరుతోంది, ఎక్కడున్నారు మీరు? బసప్ప మొహం ఎర్రబడింది. పెళ్ళయినప్పటి నుంచి ఆయన గొంతు పెంచడం ఆమె వినలేదు. ఆరోజు విన్నది.

"ఇంక సాలు. నీళ్ళు సూడాలంటివి, సూస్తివి. ఆ కలిసేది, కలవనిది ఎవురికి కావల్ల? లారీ పోతే ఇంటికెట్ల పోతాము సెప్పు."

"ఎట్ల పోవాల్నో నాకు తెలుసు," అంది ఉచ్చీరమ్మ. "మూటలు లారీలో ఏసి పంపమను. ఇన్నేండ్లు ఆ లారీ యాడ దింపితే ఆడ దిగినాను. ఈ పొద్దు నేను దిగల్లనుకున్న తావులో దిగుతాను."

అని ఇసుక వెంట నడక మొదలుపెట్టింది. కాళ్ళు కూరుకుపోతున్నాయి. ఎండ మాడుస్తోంది. ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే బసప్ప ఫోనులో మాట్లాడుతూ, చేయి ఊపుతూ, దూరంగా వస్తున్నాడు.

చివరికి మడ చెట్లు పలచబడి ఒక వెడల్పాటి నీళ్ళ దగ్గరికి వచ్చింది. ఎడమ పక్కా నీళ్ళే, కుడి పక్కా నీళ్ళే, ఎదురుగానూ నీళ్ళే. అట్లాసు తీసి చూసింది. అందులో గీత సన్నగా వచ్చి, ఒకచోట టక్కున ఆగి, లేత నీలం మొదలవుతుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. నేల కొస కూడా పటంలో ఉన్నట్టు లేదు. వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుని నోట పెట్టుకుంది. ఉప్పు. పది అడుగులు అటు పోయి మళ్ళీ చూసింది. ఉప్పే. వల బాగు చేసుకుంటున్న ఒక పల్లెకారామె ఇదంతా చూసి నవ్వి, ఏం వెతుకుతున్నావని అడిగింది. కృష్ణ ఎక్కడ అయిపోతుందో చూపించమంది ఉచ్చీరమ్మ.

"ఇప్పుడు పోటు మీదుందమ్మా. సముద్రం ఏట్లోకి మైళ్ళ దూరం ఎక్కేసింది. ఏది ఏరో ఏది సముద్రమో మాకే తెలీదు. ఆటుకి రావాలి. అప్పుడైతే బురద నీళ్ళు ఒకపక్క, పచ్చ నీళ్ళు ఒకపక్క గీత గీసినట్టు కనపడతాయి."

ఆటు ఎప్పుడని అడిగింది. పొద్దుగూకాక అంది ఆమె. చీకటి పడితే బయటివాళ్ళను ఇక్కడ ఉండనివ్వరని కూడా అంది.

ఉచ్చీరమ్మ ఇసుకలో కూలబడింది. ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మంట పుట్టింది. సముద్రానికి ఆటుపోట్లు ఉంటాయని ఏ పటంలో రాసి ఉంది? ఇన్నేళ్ళు ఆ పేజీని వేలితో అరగదీసింది, అదొక్క మాట చెప్పలేదు. అట్లాసును నీళ్ళలోకి విసిరేద్దామని చేయి ఎత్తింది కూడా. బసప్ప అప్పటికి ఆయాసపడుతూ వచ్చి పక్కన చతికిలబడ్డాడు. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఆమెకిచ్చి, ఆమె తాగాక తాను తాగాడు. ఎండ వాలేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

ఆ రాత్రి రేపల్లె స్టేషన్లో పడుకున్నారు. మర్నాడు గుంటూరులో గుంతకల్లు బండి ఎక్కారు. వినుకొండ దాకా నిలబడే వచ్చారు. అక్కడ కిటికీ పక్కన చోటు దొరికింది. దొనకొండ, మార్కాపురం, గిద్దలూరు. ఆ తర్వాత బండి నెమ్మదించి కొండల్లోకి దూరింది. పట్టపగలు, పట్ట లేకుండా, నల్లమల మొదటిసారి ఆమె కళ్ళ ముందు నుంచి పోయింది. వెదురు పొదలు, ఎండిన వాగులు, సొరంగం, సొరంగం దాటగానే ఒక్కసారిగా లోయ. ఉచ్చీరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. కోపం పూర్తిగా పోలేదు. నిన్నటి నీళ్ళు గుర్తొచ్చినప్పుడల్లా పళ్ళు కొరుకుతూనే ఉంది.

నంద్యాల దాటాక బసప్ప నడుం విరుచుకుని, లారీలో వస్తే ఈపాటికి నడుము పడిపోయేదని, ఇదే మేలని అన్నాడు. "వచ్చే ఏడు గూడ ఈ బండికే పోదామా?" అని అడిగాడు.

"పోదాము," అంది ఉచ్చీరమ్మ కిటికీలోంచి తల తిప్పకుండా. "కోతలకు ముందే పోయి, ఆటు ఎప్పుడొస్తాదో కనుక్కోని, ఆడ సూసి, ఆమీటే చేనికి."

గుంతకల్లులో దిగి ఆదోని బండి కోసం ప్లాట్‌ఫారం మారుతున్నప్పుడు బసప్ప ఎటు పోవాలో అడగకుండా ఆమె వెనకే నడిచాడు.