భుజానికి పడిన నాలుగు కుట్లు

ఆ చుట్టుపక్కల వీధుల్లో ఆమెను అందరూ కర్టెన్లమ్మ అనేవారు. ఇరవై ఆరేళ్ళుగా అక్కడి సగం కిటికీలకు తెరలు కుట్టింది ఆమే. కుట్టి ఇచ్చి చేతులు దులుపుకునే రకం కాదు. తనే వెళ్ళి కొలత తీసి, కడ్డీ బిగించి, తెర వేలాడదీసి, కింది అంచు నేలకు వేలెడు ఎత్తులో నిలిచిందో లేదో వంగి చూసుకుని గానీ గడప దాటేది కాదు. ఎవరి పడకగదిలో ఎండ ఎన్ని గంటలకు పడుతుందో, ఎవరి కిటికీ ఎదురింటి వంటగదికి సూటిగా ఉందో ఆమెకు కొట్టిన పిండి. ఇళ్ళన్నీ తెలుసు కానీ, ఇళ్ళలోని మనుషులతో మాత్రం అడుగులూ అంగుళాల మాటలే. ఆమెకు ఎవరున్నారని ఎవరూ అడిగేవారు కాదు. అడిగినా చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పెళ్ళయిన నాలుగో ఏడు భర్త పోయాడు. ఆయన వైపువాళ్ళు కొన్నాళ్ళు పలకరించి మానేశారు. ఒక్కగానొక్క అక్క పోయి కూడా ఆరేళ్ళయింది. మూడో అంతస్తులో రెండు గదులు, ఒక కుట్టుమిషను, యాభై నాలుగేళ్ళ వయసు. అదీ ఆమె సంసారం.

ఒక పళ్ళ డాక్టరుగారి హాల్లో తెర ఎక్కిస్తుండగా కాళ్ళ కింద స్టూలు జారింది. పడబోతూ కుడి చేత్తో కడ్డీ పట్టుకుంది. తను బిగించిన కడ్డీ కాబట్టి ఊడలేదు. ఊడి ఉంటే నడుము నొప్పితో పోయేది, భుజం దక్కేది. ఒళ్ళు బరువంతా ఆ ఒక్క చేతి మీద వేలాడింది. లోపల ఎక్కడో పాత గుడ్డ పిగిలిన చప్పుడు వినిపించిందని తర్వాత చెప్పింది. అప్పటికి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నొప్పిని పళ్ళ బిగువున ఓర్చుకుని, తెర పూర్తిగా ఎక్కించే బయటికి వచ్చింది.

మూడు నెలలు నూనెలు రాసింది, కాపడం పెట్టింది. చేయి మాత్రం భుజం ఎత్తు దాటి లేవలేదు. పై అరలో డబ్బా కావాలంటే ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని ఎత్తాల్సి వచ్చింది. ఇక లాభం లేదని ఆసుపత్రికి వెళ్ళింది.

కీళ్ళ డాక్టరు నలభై ఏళ్ళావిడ. ముక్తసరిగా మాట్లాడే మనిషి. స్కానింగు ఫిల్ములు వెలుతురుకు పట్టి చూసి, కండను ఎముకకు పట్టి ఉంచే పట్టీ ఊడిపోయిందని, దాన్ని లాగి మళ్ళీ ఎముకకే కుట్టాలని చెప్పింది.

"ఎముకకు కుట్టు ఎలా పడుతుందండీ?" అని అడిగింది కర్టెన్లమ్మ.

"ఎముకలో చిన్న మేకు దించుతామమ్మా. దారం దానికే ఉంటుంది. ఆ దారంతో పట్టీని బిగించి కట్టేస్తాం."

"ఒంటి పేటా?"

డాక్టరు తలెత్తి చూసింది. "రెండు పేటలు."

"ముడి పైనే వేస్తే రాసుకుంటుంది కదండీ. పైగా పాత గుడ్డకి దగ్గర దగ్గరగా కుట్టేస్తే ఆ కుట్ల దగ్గరే మళ్ళీ చిరుగుతుంది. కాస్త ఎడం ఇవ్వాలి."

డాక్టరు కలం కింద పెట్టింది. "మీరేం పని చేస్తుంటారు?"

చెప్పాక ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని కాగితం మీద బొమ్మ గీసింది. నాలుగు కుట్లు ఎక్కడెక్కడ పడతాయో, దారాలు ఒకదాని మీదుగా ఒకటి ఎలా వెళతాయో చూపించింది. కర్టెన్లమ్మ వేలు పెట్టి చూస్తూ ఒక చోట బాగుందంది, ఒక చోట అనుమానం అడిగింది. బయట జనం విసుక్కుంటున్నా ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. ఆ ఏడాది మొత్తంలో ఆమె ఒక మనిషితో అంతసేపు మాట్లాడింది అదే.

చివర్లో డాక్టరు, ఆరు వారాలు చేయి మెడకు తగిలించిన బెల్టులోనే ఉండాలనీ, మునివేళ్ళతో తప్ప దేన్నీ పట్టుకోకూడదనీ చెప్పి, ఇంట్లో సాయానికి ఎవరున్నారని అడిగింది. "ఉన్నారండీ" అనేసింది కర్టెన్లమ్మ. ఎందుకలా అందో ఆమెకే తెలియదు. నోట్లోంచి వచ్చేసింది.

ఆపరేషనుకు మూడు వారాల గడువు దొరికింది. ఆ మూడు వారాలూ ఆమె ఒంటి చేతి బతుకుకు సిద్ధమైంది. ఎడమ చేత్తో తాళం తీయడం, స్టవ్వు వెలిగించడం, పళ్ళు తోముకోవడం నేర్చుకుంది. సీసాల మూతలన్నీ వదులు చేసి పెట్టింది. పై అరల్లో ఉన్నవన్నీ నడుము ఎత్తుకు దింపింది. కుడి భుజం మీద పూర్తిగా తెరుచుకునే చొక్కాలు నాలుగు కుట్టి, బొత్తాలకు బదులు ఎడమ చేత్తో లాగితే ముడిపడే పట్టీలు పెట్టింది. ఒకసారి కళ్ళు మూసుకుని తొడుక్కుని చూసింది కూడా. జడ మాత్రం ఎంత ప్రయత్నించినా ఒంటి చేతికి లొంగలేదు. పార్లరుకు వెళ్ళి మెడ వరకు కత్తిరించమంది. నడుము దాటిన జుట్టు నేల మీద పడుతుంటే కత్తెర పట్టుకున్న పిల్లే బాధపడింది గానీ, ఈమె అద్దంలోకి చూస్తూ ఊరుకుంది.

ఆసుపత్రిలో సంతకానికి కింది వాటా ఇంటావిడ వచ్చింది. ఫారంలో గళ్ళన్నీ చూడకుండా గబగబా సంతకాలు పెట్టి, వంట పని ఉందని వెళ్ళిపోయింది. ఆవిడ తప్పేమీ లేదు, అడగ్గానే రావడమే ఎక్కువ. ఆ తర్వాత నర్సు రెండుసార్లు వచ్చి మీవాళ్ళు వచ్చారా అని అడిగింది. రెండుసార్లూ దారిలో ఉన్నారనే చెప్పింది కర్టెన్లమ్మ. మూడోసారి నర్సు ఆ ప్రశ్న అడగలేదు. కర్టెన్లమ్మ తన ఉంగరం, చెవి పోగులు తనే తీసి, పొట్లం కట్టి, దాని మీద పేరు రాసి మంచం పక్క బీరువాలో పెట్టింది.

మెడ పక్కన సూది వేసి చేతిని మొద్దుబార్చారు. ఆ తర్వాత నిద్రపుచ్చారు.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం. కళ్ళు ఇంకా తెరవలేదు. ఎడమ చేయి కదిపితే, పొట్ట మీద ఒక చేయి తగిలింది. వెచ్చగా, బరువుగా, ఏ కదలికా లేకుండా ఉంది. ఎవరో పక్కన కూర్చుని తన మీద చేయి వేసి అలాగే నిద్రపోయారనుకుంది. ఎవరై ఉంటారు? అక్క అనుకుంది ముందు, అక్క లేదని గుర్తు రాలేదు. ఎవరైతేనేం, వచ్చారు. ఆ చేతిని మెల్లగా పట్టుకుంది. కళ్ళు తెరిస్తే వాళ్ళు లేచి వెళ్ళిపోతారేమోనన్నట్టు రెప్పలు గట్టిగా మూసుకుంది. వేళ్ళు తడుముతూ పోతే, మధ్యవేలి కొసన కాయ కాసిన గట్టి చర్మం తగిలింది. సూదిని నెట్టీ నెట్టీ కాసిన కాయ. ఆ చేయి తనదే.

అయినా వదల్లేదు. మందు దిగి ఆ వేళ్ళకు స్పర్శ తెలిసేదాకా, అంటే సాయంత్రం దాకా, తన చేతిని తనే పట్టుకుని పడుకుంది. డాక్టరు వచ్చి, కుట్లు బాగా పడ్డాయనీ, మీరు చెప్పినట్టు ఎడం ఇచ్చామనీ నవ్వుతూ అంటే, తనూ నవ్వింది.

ఆ ఆరు వారాల గురించి చెప్పుకోవడానికి ఎక్కువేమీ లేదు. కుర్చీలో దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే నిద్రపోయింది. రొట్టె, పాలు, పళ్ళతో కాలక్షేపం చేసింది. కొత్త తెరలకు ఎవరైనా ఫోను చేస్తే ఊళ్ళో లేనని చెప్పింది. ఊళ్ళోనే, అదే కుర్చీలో కూర్చుని. ఒక రోజంతా తన గొంతు తనకు వినిపించలేదని గమనించి, పాలప్యాకెట్టు మీద రాసినదంతా పైకి చదివింది. ఎప్పుడో ఒకటి రెండుసార్లు కింది ఇంటావిడ తలుపు తట్టి ఏమైనా కావాలా అంది. ఏమీ వద్దంది.

బెల్టు విప్పాక వారానికి మూడు రోజులు వ్యాయామాలకు రమ్మన్నారు. ఫిజియో అమ్మాయి ఆమె మోచేతిని ఒక చేత్తో, మణికట్టును ఇంకో చేత్తో పట్టుకుని నెమ్మదిగా పైకి లేపేది. ప్రాణం పోయేంత నొప్పి. అయినా కర్టెన్లమ్మ గంట ముందే వచ్చి కూర్చునేది.

పక్క బల్ల మీద ఒక డ్రిల్లు మాస్టారు ఉండేవాడు. పదవీ విరమణ చేసిన నాలుగేళ్ళకు పాత విద్యార్థులతో బంతాటకు దిగి మోకాలి లిగమెంటు తెంపుకున్నాడు. దాన్ని సరిచేసి రెండు నెలలయింది. అక్కడ ఎవరి పేరూ ఎవరికీ పట్టదు. ఆయన ఆమెను భుజంగారూ అనేవాడు, ఆమె ఆయన్ను మోకాలుగారూ అనేది. ఆమె గోడ మీద వేళ్ళు పాకిస్తూ చేయి ఎత్తుతుంటే, ఆయన మైదానంలో అరిచినట్టు అంకెలు లెక్కపెట్టేవాడు. ఆమె మొహం చూసి, నొప్పి ఎక్కువగా ఉందనిపిస్తే ఎనిమిది తర్వాత పది అనేసేవాడు. ఆయన చేతికర్ర జారి పడితే ఆమె వంగి తీసి ఇచ్చేది, ఆమె చెప్పు దూరంగా జారితే ఆయన తన చేతికర్ర కొసతో దగ్గరికి నెట్టేవాడు. మనిద్దరినీ కలిపి కుడితే ఒక పూర్తి మనిషి అవుతాడని ఆయనంటే, కొలత కుదరదని ఆమె అంది.

ఒక రోజు ఆయన, ఇంట్లో మీకెవరు వండి పెడుతున్నారని మాట వరసకు అడిగాడు.

"ఎవరూ లేరండీ" అంది. "ఆసుపత్రిలో అడిగితే ఉన్నారని చెప్పాను. ఎవరూ లేరు."

ఆయన ఓదార్చలేదు. కాసేపు మోకాలు నిమురుకుని, "నేనైతే కాస్త ఎక్కువే కుంటుతున్నాను" అన్నాడు. "బాగైపోయిందని తెలిస్తే మా అమ్మాయి వచ్చి తీసుకుపోతుంది. అక్కడ నాకు తెలిసినవాళ్ళు లేరు."

తర్వాతి బుధవారం ఆయన రాలేదు. శుక్రవారమూ రాలేదు. కూతురు వచ్చి తీసుకెళ్ళిందని ఫిజియో అమ్మాయి చెప్పింది. ఆయన నంబరు ఆమె దగ్గర లేదు. ఆ రోజు గోడ మీద వేళ్ళు పాకిస్తూ తనే లెక్కపెట్టుకుంది. ఎనిమిది తర్వాత తొమ్మిది వచ్చింది.

నాలుగు నెలలకు చేయి తల పైదాకా లేచింది. ఫిజియో అమ్మాయి కోణం కొలిచి, నూట ఎనభై డిగ్రీలకు నూట యాభై వచ్చిందనీ, ఇంతకు మించి రాకపోవచ్చనీ, నిచ్చెన ఎక్కి బిగించే పనులు మానుకోవాలనీ చెప్పింది. "ఇక మీరు రానక్కర్లేదమ్మా" అంది సంతోషంగా.

బయట ఎదురుచూస్తున్నవాళ్ళు అదృష్టవంతురాలన్నట్టు చూశారు. కర్టెన్లమ్మ చెప్పులు వేసుకోవడానికి బల్ల మీద కూర్చుంది. వారానికి మూడు రోజులు ఒక మనిషి తన చేయి పట్టుకునేది. రేపటి నుంచి అందుకు కారణం లేదు. చెప్పులు వేసుకోవడం అయిపోయినా లేవలేదు. చివరికి లేచి లోపలికి వెళ్ళి, మాస్టారి నంబరు ఇస్తావా అని అడిగింది. ఒకరి సాయం నోరు తెరిచి అడగడం అలవాటు లేని మనిషి, అడుగుతుంటే చెవులు వేడెక్కాయి. నంబరు ఇవ్వకూడదు గానీ కలిపి ఇస్తానంటూ ఆ అమ్మాయి ఫోను చేసి చేతికిచ్చింది.

"ఎవరండీ?" అంది అవతలి గొంతు.

ఏ పేరు చెప్పాలో తోచలేదు. "నేనండీ, భుజాన్ని."

ఆయన నవ్వాడు. "ఎంతవరకు లేస్తోంది?"

"నూట యాభై."

"మిగతా ముప్పై?"

"అది రాదన్నారు."

"నాకూ మోకాలు పూర్తిగా మడవడం లేదు లెండి" అన్నాడు. "ఇక్కడ అందరూ ఉన్నారు. లేస్తే పట్టుకుంటారు, కూర్చుంటే దిండు వేస్తారు. మాట్లాడటానికే ఎవరికీ తీరిక లేదు. మీ నంబరు చెప్పండి, ఉండండి, కలం తెచ్చుకుంటాను."

కలం దొరకడానికి చాలాసేపు పట్టింది. ఆమె ఫోను పట్టుకుని అలాగే నిలబడింది.

కొన్ని ఆదివారాలు ఆయన ఫోను చేస్తాడు. కొన్ని ఆదివారాలు చేయడు. వాళ్ళు మళ్ళీ కలుసుకోలేదు, కలుసుకునే దారీ లేదు. కర్టెన్లమ్మ ఇప్పటికీ తెరలు కుడుతోంది. కడ్డీలు బిగించడానికి ఒక వడ్రంగిని కుదుర్చుకుంది. అతను పైన పని చేస్తుంటే కింద నిలబడి ఎత్తులు చెబుతుంది. పని అయ్యాక ఇంటివాళ్ళు మంచినీళ్ళిస్తే, ఇదివరకు గుమ్మం దగ్గరే నిలబడి తాగి వచ్చేసేది. ఈమధ్య కుర్చీ చూపిస్తే కూర్చుంటోంది.